కడుపు ఒక్కటి, స్టాల్స్ ముప్పై: ఎప్‌కాట్ ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్‌లో ఏది తినాలి, ఏది వదిలేయాలి

మొదటిసారి వెళ్లినప్పుడు మేం చేసిన తెలివితక్కువ పనితో మొదలుపెడతాను. గేటు దాటగానే కనబడ్డ మొదటి స్టాల్ దగ్గరే ఆగిపోయాం. తర్వాత పక్కది, ఆ తర్వాత దాని పక్కది. మధ్యాహ్నం పన్నెండు కాకముందే మా ఆయన "ఇంక నావల్ల కాదు బాబూ" అని బెంచీ మీద చతికిలబడ్డారు. అప్పటికి మేం పార్కులో సరస్సు చుట్టూ దేశాల పేరిట కట్టిన భవనాల్లో ఒక్కదాంట్లో కూడా అడుగుపెట్టలేదు. తిన్నదేమిటయ్యా అంటే సగం ఫ్రెంచ్ ఫ్రైస్, మిగతా సగం మ్యాక్ అండ్ చీజ్. ఫ్లోరిడాలో మా ఊరు టాంపాలో మా ఇంటి వీధి మలుపులో దొరికేవే.

ఆ తర్వాత మూడుసార్లు వెళ్లాం. పోయినసారి భీమవరం నుంచి వచ్చిన మా అత్తయ్యని, మామయ్యని కూడా తీసుకెళ్లాం. అత్తయ్య గుడ్డు కూడా ముట్టని శాకాహారి. మామయ్య కోడి, చేప, రొయ్య, మేక వరకే. ఇద్దరినీ పెట్టుకుని తిరిగాక ఈ పండగలో ఏది ఎంచుకోవాలో కాస్త తెలిసొచ్చింది.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఓర్లాండోలో డిస్నీ వాళ్ల ఎప్‌కాట్ పార్కులో సరస్సు చుట్టూ పదకొండు దేశాల పేరిట కట్టిన భవనాలు ఏడాది పొడుగునా ఉంటాయి: మెక్సికో, నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్, కెనడా. ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్ రోజుల్లో వాటి మధ్యలోనూ, పార్కు ముందు భాగంలోనూ ముప్పైకి పైగా చిన్న చిన్న స్టాల్స్ వెలుస్తాయి. బ్రెజిల్, గ్రీస్, హవాయి, ఐర్లండ్, ఇండియా లాంటి పేర్లు అలా వచ్చేవే. పార్కు టికెట్ ఉంటే చాలు, పండగకి వేరే టికెట్ అక్కర్లేదు. తినేదానికి మాత్రం దేనికదే డబ్బు. ఒక్కో ప్లేటు దాదాపు 6 నుంచి 10 డాలర్లు, అందులో ఉండేది మూడు నాలుగు ముద్దలు.

"ఇంత ప్లేటుకి ఎనిమిది డాలర్లా? అంటే దగ్గర దగ్గర ఏడొందలు కదమ్మా!" అన్నారు మామయ్య. ఆ లెక్క మొదలుపెడితే అమెరికాలో మంచినీళ్లు కూడా గొంతు దిగవు. నన్నడిగితే డాలర్లు ఎలాగో సర్దుకోవచ్చు, కడుపులో చోటే సర్దుకోలేం. ఒక మనిషి రోజంతా తిరిగినా ఐదారు ప్లేట్లు మించి ఇష్టంగా తినలేరు. ఆ ఐదారు ఏవి అన్నదే అసలు ప్రశ్న.

ఎప్పుడు వెళ్లాలి

2024లో ఆగస్టు 29 నుంచి నవంబరు 23 వరకు, 2025లో ఆగస్టు 28 నుంచి నవంబరు 22 వరకు జరిగింది. దాదాపు మూడు నెలలు కాబట్టి ఎంచుకునే వీలుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో ఫ్లోరిడా ఎండ మన రోహిణి కార్తెని గుర్తుచేస్తుంది. ఎండ చాలదన్నట్టు మధ్యాహ్నం ఉరుములతో వాన. వేడి వేడి చీజ్ సూపు తాగే వాతావరణం కాదది. అక్టోబరు సగం దాటాక హాయిగా ఉంటుంది, కానీ జనం కూడా అప్పుడే ఎక్కువ. మరీ ముఖ్యంగా శని, ఆదివారాల్లో చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఒకే రంగు టీషర్టులు వేసుకుని గుంపులుగా వచ్చి, ఒక్కో దేశంలో ఒక్కో గ్లాసు చొప్పున తాగుతూ తిరుగుతారు. సరదాగానే ఉంటుంది గానీ, ముసలివాళ్లతోనో తోపుడు బండిలో పిల్లలతోనో అయితే ఆ రోజులు వద్దు.

సెలవు దొరికితే అక్టోబరు చివర్లో మంగళవారమో బుధవారమో నా ఓటు. ఒక్క చిక్కు, కొన్నేళ్లు అక్టోబరు చివరికల్లా కార్తీకం వచ్చేస్తుంది. మామయ్య ఆ నెలంతా నీచు ముట్టరు. మేం అది చూసుకునే ముందు వారానికి పెట్టుకున్నాం.

ఏ గేటు, ఎటువైపు

కారులో వస్తే ముందు గేటే దిక్కు. పార్కింగుకి వేరే కట్టాలి. డిస్నీ స్కైలైనర్, అంటే తీగల మీద వెళ్లే ఆ పెట్టెలు, ఆగే హోటళ్లలో దిగిన వాళ్లకి ఫ్రాన్స్‌కీ బ్రిటన్‌కీ మధ్యలో వెనక గేటు ఉంది. అక్కడ దిగితే నేరుగా తిండిలోకే దిగినట్టు. సరస్సు చుట్టూ నడక దాదాపు రెండు కిలోమీటర్లు. దేశాల వైపు సాధారణంగా పదకొండు గంటలకి తెరుస్తారు.

నేను చూసినంతలో ముందు గేటు నుంచి వచ్చిన వాళ్లు ఎక్కువమంది ఎడమకి, మెక్సికో వైపు తిరుగుతారు. మేం కుడికి, కెనడా వైపు తిరుగుతాం. మెక్సికో దగ్గర టెకీలా అనే అక్కడి మద్యం కోసం ఉండే క్యూ చూసి దడుచుకోవాల్సిన పని ఉండదు.

ప్లేటుకి కొనాలా, ముందే కట్టాలా

పోల్చుకోవడానికి మా వైపు ఇంకో రెండు ఉన్నాయి. ఓర్లాండో సీవరల్డ్‌లో సెవెన్ సీస్ ఫుడ్ ఫెస్టివల్, టాంపా బుష్ గార్డెన్స్‌లో ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్. రెండూ వసంతంలో జరుగుతాయి. వాటిలో ముందే ఒక మొత్తం కట్టి, ఇన్ని ప్లేట్లు అని రాసి ఉన్న కార్డు మెడలో వేసుకోవచ్చు. కార్డు కొంటే ఒక్కో ప్లేటు చవక పడుతుంది. కుర్రాళ్లు నలుగురు వెళ్లి, రైడ్లు ఎక్కుతూ, ఎదురైనదల్లా తినే బాపతు అయితే ఆ లెక్క బాగుంటుంది. ఇంట్లో ఒకరు ఇది తినరు, ఇంకొకరు అది తినరు అనుకోండి, కార్డు మీద మిగిలిన ప్లేట్లు పూర్తిచేయడానికి ఇష్టం లేనిది కూడా తినాల్సి వస్తుంది. మా లాంటి ఇంటికి ఎప్‌కాట్ పద్ధతే నయం, చూసి, అడిగి, కావాల్సినదే కొనుక్కోవచ్చు.

ఎప్‌కాట్‌లో ఇటీవలి ఏళ్లలో చీజ్ ప్లేట్ల పందెం ఒకటి పెడుతున్నారు. వాళ్లు సూచించిన చీజ్ వంటకాలు ఐదు కొని, పండగ పుస్తకంలో ముద్రలు వేయించుకుంటే చివర్లో ఒక స్వీటు ఉచితం. ఆ ఐదూ ఎలాగూ తినేవే అయితే సరే. ఉచితం అన్న మాట విని నలభై డాలర్ల చీజ్ తినకండి. నేను తిన్నాను, అందుకే చెబుతున్నా.

ఏ ప్లేటు

మెనూ ఏటా కొంత మారుతుంది. నేను చెప్పేవి చాలా ఏళ్లుగా మళ్లీ మళ్లీ వస్తున్నవి. వెళ్లే ముందు డిస్నీ యాప్‌లో ఆ ఏటి జాబితా ఒకసారి చూసుకోండి.

నేను పెట్టుకున్న పద్ధతి సులువైనది. ఏడాది పొడుగునా దొరికేదాన్ని పండగ రోజు తినకూడదు. నార్వే బేకరీలో కొబ్బరి చల్లిన కస్టర్డ్ బన్ను, జర్మనీ కొట్లో కారమెల్ పాప్‌కార్న్ మార్చిలో వెళ్లినా ఉంటాయి. అలాగే ఇంట్లో దొరికేదీ వద్దు. ఇండియా స్టాల్‌లో కూర వాసన తగలగానే కాళ్లు వాటంతటవే అటు లాగుతాయి. కూర మీద నాకేమీ కోపం లేదు, కానీ ఆ చోట్లో గ్రీసుదో బ్రెజిల్‌దో ఒక ప్లేటు పడుతుంది. మీతో వచ్చిన అమెరికన్ స్నేహితులకి మాత్రం తప్పకుండా తినిపించండి.

ఇక మా ఇంట్లో గెలిచినవి. బ్రెజిల్ స్టాల్‌లో పావ్ జి కేజు అనే చీజ్ బ్రెడ్డు వస్తుంటుంది. దూరం నుంచి చూస్తే అచ్చం పెద్ద పునుగు. పైన పల్చటి కరకర, విరిస్తే లోపల సాగుతూ జిగురుగా వస్తుంది. మైదా కాదు, కర్రపెండలం పిండి. మన సగ్గుబియ్యం తయారయ్యేది కూడా ఆ దుంపతోనే కదా, ఆ సాగుడు నోటికి ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది. నేను రెండోది కొనబోయి ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

గ్రీసులో పెనం మీద కాల్చిన చీజ్ ముక్క, పైన తేనె, పిస్తా. ఉప్పదనం, తీపి ఒకేసారి తగులుతాయి. చల్లారితే రబ్బరే, కాబట్టి నిలబడిన చోటే తినేయాలి. నిలబడే చోటు అంటే ఇక్కడ చెత్త డబ్బా. నవ్వకండి, బల్లలు నిండిపోతే జనమంతా మూత బల్లపరుపుగా ఉన్న ఆ డబ్బాల చుట్టూ చేరి, ప్లేటు దాని మీద పెట్టుకుని తింటారు. అత్తయ్య మాత్రం ససేమిరా అన్నారు. "చెత్త బుట్ట మీద అన్నం తినడమేమిటే!" అని ప్లేటు చేత్తోనే పట్టుకున్నారు.

మామయ్యకి ఆస్ట్రేలియా రొయ్యలు. అనాస ముక్కలు, ఉల్లిపాయతో కలిపి తీపి కారంగా వండుతారు. ఒకటి నోట్లో వేసుకుని, నమిలి, ఇటు తిరిగి, "ఇది మన చెరువు రొయ్యే అయ్యుంటుందమ్మా, వీసా లేకుండా వచ్చేసింది" అన్నారు. ఆ రొయ్య సంగతి నాకు తెలియదు గానీ, 2024లో అమెరికాకి రొయ్యలు అందరికంటే ఎక్కువగా అమ్మింది ఇండియానే, అందులో పెద్ద వాటా ఆంధ్రదే. గొర్రె మాంసం తినేవాళ్లకి రొట్టెలో మాంసం పెట్టిచ్చే గ్రీస్ గైరో, ఎముకతో ఉండే ఆస్ట్రేలియా చాప్ ఉంటాయి. రెండిట్లో ఒకటే అంటే నేను చాప్ అంటాను, ఎముక పట్టుకుని తినే సుఖం వేరు. ఫ్రాన్స్‌లో నత్తలు కూడా ఉన్నాయి. మా ఆయన తిన్నారు, వెల్లుల్లి వెన్న బాగుందన్నారు, నత్త గురించి ఏమీ అనలేదు.

కెనడా స్టాల్ దగ్గర కాస్త జాగ్రత్త. క్యూ చూసి అందరూ అక్కడికే పరుగెడతారు. అక్కడ పేరున్న ఫిలే మిన్యాన్ గొడ్డుమాంసం. ఆ పేరు చూసి చేపేమో అనుకున్న వాళ్లని నేను చూశాను. ఇంకో పేరున్నది చెడ్డార్ చీజ్ సూపు. శాకాహారంలాగే కనబడుతుంది, కానీ అందులో బేకన్ ఉంటుంది, అంటే పంది మాంసం. అవి తినేవాళ్లకి మాత్రం ఈ రెండూ చేసిన పేరుకి తగ్గవే. చల్లటి సాయంత్రం ఆ సూపు, పక్కన మెత్తటి ప్రెట్జెల్ బన్ను ఉంటే రాత్రి భోజనం అక్కర్లేదు. హవాయి స్టాల్ చిన్న బర్గరు కూడా పందే.

శాకాహారులు మెనూ బోర్డు మీద ఆకు గుర్తు కోసం చూడండి. అది ఉంటే పాలు, గుడ్డు కూడా లేనట్టే. ఆకు లేని వెజ్ ప్లేట్లలో మూడు సంగతులు అడగాలి: సూపో సాసో అయితే మాంసం నీళ్లతో చేశారా, చీజ్‌లో జంతువుల రెన్నెట్ (పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసేది) వాడారా, స్వీట్లో గుడ్డు ఉందా. స్టాల్‌లో అడిగితే ఎలర్జీల పుస్తకం తీసి చూపిస్తారు. రెన్నెట్ దాకా వెళ్లే పట్టింపు ఉంటే గ్రీసు చీజ్, బ్రెజిల్ బ్రెడ్డు కూడా అడిగి తినాల్సిందే. ఇంతా చేసి అత్తయ్య లాంటి వాళ్లకి రోజంతా రెండు మూడు ప్లేట్లకి మించి దొరకవు. అందుకే డబ్బాలో పులిహోర పట్టుకెళ్లాం. బయటి తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు, మద్యం మాత్రం కూడదు.

పులిహోరతో పాటు పట్టుకెళ్లాల్సినవి ఇంకో రెండు: కాగితం ప్లేట్లు, చెంచాలు. పది రకాలు రుచి చూడాలంటే ఒక్కో ప్లేటు నలుగురూ పంచుకోవాలి. పంచుకోవడం అంటే మనకి ఎంగిలి. కొనగానే, ఎవరూ ముట్టకముందే, నాలుగు వాటాలు వేసేస్తే గొడవే లేదు. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తారు, చూడనివ్వండి.

గ్లాసా, ఫ్లైటా

వైన్ సంగతికి వస్తే, ఒక నిండు గ్లాసు కొనుక్కోవచ్చు, లేదా ఫ్లైట్ అని మూడు చిన్న గ్లాసుల్లో మూడు రకాలు తీసుకోవచ్చు. వైన్‌కి కొత్తవాళ్లకి ఫ్లైటే మేలు. ఏది నచ్చుతుందో ముందు తెలియదు కాబట్టి, ఒకటి నచ్చకపోయినా పక్కన రెండున్నాయి. జర్మనీలో వైన్‌కెల్లర్ అని చిన్న వైన్ కొట్టు ఉంది. అదీ ఏడాది పొడుగునా ఉండేదే, కానీ నా నియమం తిండికి మాత్రమే.

మన నాలుకకి ఏ వైన్ అనేది కారాన్ని బట్టి తేలుతుంది. ముదురు రెడ్ వైన్లో పచ్చి అరటికాయ కొరికినట్టు నోరు పట్టేసే వగరు ఉంటుంది. కారం తిన్న నోటికి ఆ వగరు ఇంకా చేదెక్కుతుంది, మద్యం మంట కూడా రెట్టింపవుతుంది. కాస్త తీపి ఉన్న తెల్ల వైన్, ముఖ్యంగా జర్మనీ రీస్లింగ్, కారాన్ని చల్లారుస్తుంది. రొయ్యలకి, ఇండియా స్టాల్ కూరకి అదే. గొర్రె చాప్‌కీ, గొడ్డుమాంసానికీ రెడ్. కొవ్వు ఆ వగరుని మింగేస్తుంది. వేయించిన వాటికి, ఉప్పటి చీజ్‌కి నురగ వైన్ బాగుంటుంది. తీపి ఎంతుందో కొనేముందు అడగండి, రీస్లింగ్ బొత్తిగా తీపి లేకుండా కూడా వస్తుంది.

జీవితమంతా పండక్కీ పబ్బానికీ విస్కీ తప్ప ఎరగని మామయ్య తియ్యటి రీస్లింగ్ ఒక గుక్క తాగి, "ఇది మందా? పానకంలా ఉంది" అన్నారు. మూడో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మా ఆయనకి చెరువు గట్టు కథలు చెప్పడం మొదలుపెట్టారు. పానకమే గానీ ఎండలో తొందరగా ఎక్కుతుంది. కౌంటర్ సర్వీసు రెస్టారెంట్లలో అడిగితే ఐసు నీళ్లు ఊరికే ఇస్తారు, గ్లాసుకొక కప్పు తాగించండి.

తలంతా నెరిసినా వయసు రుజువు అడగొచ్చు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి పాస్‌పోర్టు వెంట ఉండాలి. కారు నడిపేవాళ్లు ఒక్క చుక్క కూడా ముట్టకపోతే మంచిది. ఫ్లోరిడాలో రక్తంలో మద్యం హద్దు 0.08 శాతం. హెచ్1బీ మీదో చదువుకునే వీసా మీదో ఉన్నవాళ్లకి తాగి నడిపిన కేసు పడితే జరిమానాతో పోదు, వీసానే రద్దయ్యే ప్రమాదం ఉంది. మేం వంతులు వేసుకుంటాం. ఆ రోజు నా వంతు కాబట్టి వైన్ రుచుల గురించి ఇంత స్పష్టంగా గుర్తుంది అనుకోకండి, అవి అంతకుముందు రెండు ట్రిప్పులవి.

నిలబడి తినాలా, కూర్చుని తినాలా

ఇద్దరే అయితే స్టాల్స్ చాలు. పెద్దవాళ్లతో అయితే నడి మధ్యాహ్నం ఒక గంట ఎక్కడో కూర్చోబెట్టాలి. దానికి రెస్టారెంట్లో టేబుల్ బుక్ చేయడం ఒక దారి. అరవై రోజుల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు. కానీ అక్కడ కూర్చున్నాక కడుపు నిండా తినకుండా లేవడం కష్టం, సాయంత్రం ప్లేట్లు పోయినట్టే. మేం దానికి బదులు అమెరికా భవనంలో బొమ్మలతో నడిచే చరిత్ర ప్రదర్శనకి వెళ్లాం. దాదాపు అరగంట, చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. మామయ్య ఐదు నిమిషాల్లో గురక. నడవలేని వాళ్లకి చక్రాల కుర్చీ గేటు దగ్గర అద్దెకి దొరుకుతుంది, మొహమాటపడకుండా పొద్దున్నే తీసుకోండి.

ఇక స్వీట్లు. ఫ్రాన్స్ కస్టర్డ్ స్వీటు క్రెమ్ బ్రూలేకీ ఆస్ట్రేలియా కొబ్బరి కేకు లామింగ్టన్‌కీ మధ్య అయితే నేను క్రెమ్ బ్రూలే అంటాను, పైన చక్కెర అద్దం చెంచాతో టక్కున పగలగొట్టే సరదా కోసమైనా. కానీ రెండిట్లోనూ గుడ్డు. మేమంతా అవి తింటుంటే అత్తయ్య ఊరికే కూర్చున్నారు. చూడలేక, నా నియమం పక్కనబెట్టి, జపాన్‌లో ఏడాది పొడుగునా అమ్మే కాకిగోరి తెచ్చాను. తురిమిన ఐసు, పైన ఎర్రటి స్ట్రాబెర్రీ సిరప్. అత్తయ్య ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"ఇది మావుళ్లమ్మ జాతరలో ఐసు గోళాయే!"

మామయ్య చెంచా పట్టుకుని వాటాకి వచ్చారు. అత్తయ్య కప్పు ఇటు తిప్పేసుకుని, "మీకు కావాలంటే ఇంకోటి తెప్పించుకోండి, ఎంత, ఏడొందలేగా" అన్నారు.